పోయిన సందేశం సంగతి ఎవరు చెప్పాలి? లినక్స్ కెర్నెల్ లాగ్ బఫర్, దాని హద్దులు

ఇటీవలి లినక్స్ కెర్నెల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌ను నడిపే మూలభాగాన్ని) బఫర్ అమరికలేవీ మార్చకుండా కంపైల్ చేసి, నాలుగో ఎనిమిదో కోర్లున్న 64 బిట్ల యంత్రంపై బూట్ చేస్తే, తొలి సందేశాల్లో ప్రింట్‌కే (కెర్నెల్ తన సందేశాలు రాసే ఏర్పాటు) పేరు మీద ఒక చిన్న కూడిక కనిపిస్తుంది: 131072 + 458752 = 589824 బైట్లు. మొదటి సంఖ్య కెర్నెల్ తన సందేశాల పాఠాన్ని దాచుకునే చోటు, 128 కిలోబైట్లు. రెండోది ఆ సందేశాల గురించిన వివరాల కోసం పక్కన పెట్టిన చోటు, 448 కిలోబైట్లు. రాతకు ఒక వంతు, రాత తాలూకు లెక్కలకు మూడున్నర వంతులు. చూడగానే దుబారా అనిపిస్తుంది.

దుబారా కాదు. సందేశాలను నిలవుంచే ఈ మెమరీనే బఫర్ అంటారు. ఎంత పెద్ద బఫర్ అయినా ఏదో ఒక రోజు నిండుతుంది. నిండాక ఏదో ఒకటి పోతుంది. ఏది పోవాలి, పోయిన సంగతి చదివేవారికి ఎలా తెలియాలి అన్న రెండు ప్రశ్నలకు కెర్నెల్ రూపకర్తలు నలభై ఏళ్లకు పైగా జవాబులు వెతుకుతున్నారు. ఆ 448 కిలోబైట్లు వారు చివరకు చేరిన జవాబుకు చెల్లిస్తున్న వెల. బఫర్ పరిమాణం గురించి జరిగే చర్చల్లో మొదటి ప్రశ్నకు దక్కినంత శ్రద్ధ రెండో ప్రశ్నకు దక్కదు. నిజానికి ఎక్కువ విలువైనది రెండోదే.

సందేశాలను నేరుగా డిస్కు మీది ఫైలులోకి రాయవచ్చు కదా అన్న సందేహం ముందుగా తీర్చుకోవాలి. మామూలు ప్రోగ్రాములు చేసేది అదే. ఫైలు రాయాలంటే ఫైల్ సిస్టమ్ సక్రమంగా ఉండాలి, దాని కింద డిస్కు డ్రైవర్ పనిచేయాలి, డిస్కు జవాబిచ్చేదాకా నిద్రలోకి వెళ్లి వేచి ఉండగలగాలి. కెర్నెల్‌కు నోరు విప్పవలసిన అవసరం పడేది చాలాసార్లు ఇవేవీ కుదరని వేళల్లోనే. బూట్ మొదట్లో డిస్కు ఉందన్న సంగతే ఇంకా తెలియదు. ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ పిలుపుకు ప్రాసెసర్ చేతిలోని పని ఆపి స్పందించడం) మధ్యలో నిద్రపోవడానికి వీల్లేదు. మెమరీ నిండుకుందని చెప్పడానికి కొత్తగా మెమరీ అడగడం కుదరదు. డిస్కు డ్రైవరే దారితప్పినప్పుడు ఆ సంగతిని ఆ డిస్కు మీదే రాయమనడం అర్థం లేని పని. అందుకని కెర్నెల్ మొదటే కొంత మెమరీని తన కోసం అట్టే పెట్టుకుంటుంది, చెప్పదలచినదంతా అందులో రాస్తుంది. తరువాత తీరుబడిగా వచ్చి చదువుకుని ఫైలుకెక్కించే పని కెర్నెల్ బయట, అంటే యూజర్ స్పేస్‌లో, నడిచే లాగ్ సేవలది.

అట్టే పెట్టుకున్న చోటు కాబట్టి దానికి హద్దు ఉంటుంది. చిన్నప్పటి పలక లాంటిది. నిండిపోతే పాతది చెరిపితే తప్ప కొత్తది రాయలేం.

1979లో బెల్ ల్యాబ్స్ విడుదల చేసిన యునిక్స్ ఏడో సంచికలో ఈ పలక మీద పట్టేది 128 అక్షరాలు. కిలోబైట్లు కావు, అక్షరాలే. నేటి కెర్నెల్ రాసే పొడవాటి వరస ఒక్కటి కూడా అందులో ఇమడదు. పీడీపీ-11 యంత్రాల్లో కెర్నెల్ డేటా మొత్తానికి అందే చిరునామాలు 64 కిలోబైట్లే కాబట్టి అంతకు మించి ఇవ్వడానికి చోటు లేదు. ఈ సందేశాలను చదివి చూపే డీమెసేజ్ ఆదేశం ఆనాటిదే. పది నిమిషాలకొకసారి దాన్ని క్రాన్ (నిర్ణీత వేళలకు ఆదేశాలు నడిపే సేవ) ద్వారా నడిపించి, కొత్తగా వచ్చిన సందేశాలను ఒక ఫైలు చివర చేర్చుకునేవారు. ఆ ఆదేశం మాన్యువల్ పేజీలోనే, లోపాల శీర్షిక కింద, బఫర్ చిన్నది గనుక ప్రతి సందేశమూ నమోదవుతుందన్న హామీ లేదని, యంత్రం కుప్పకూలే ముందు క్షణంలో వచ్చినవి ఎన్నటికీ నమోదు కావని రాసిపెట్టారు. సొంత పనిముట్టు గురించి అంత సూటిగా ఒప్పుకున్న మాన్యువళ్లు అరుదు. ఆ రెండు వాక్యాల్లో చెప్పిన లోపాలను పూడ్చడానికే ఆ తరువాతి కృషి అంతా సాగింది.

లినక్స్ తొలినాళ్లలో బఫర్ 4096 బైట్లు. 1.3.54 సంచిక నుంచి 8192 అయింది, 2.1.113 నుంచి 16384. 2.4.23, 2.6 కెర్నెళ్లతో అది కంపైల్ చేసేవారు ఎంచుకునే అమరికగా మారింది. పాత కాలపు గుర్తు ఒకటి ఇంకా మిగిలి ఉంది. డీమెసేజ్ ఆదేశంతో చదివే చోటు పరిమాణాన్ని విడిగా ఇవ్వకపోతే అది తీసుకునే విలువ 16392, అంటే ఆనాటి బఫర్‌కు ఎనిమిది బైట్లు ఎక్కువ.

పరిమాణం ఎవరు నిర్ణయిస్తారు

ఇప్పుడు ఈ పరిమాణాన్ని కంపైల్ చేసేటప్పుడు బైట్లలో చెప్పరు, రెండుకు ఎన్నో ఘాతమో చెబుతారు. ఈ అమరికను లాగ్ బఫ్ షిఫ్ట్ అంటారు. 12 నుంచి 25 దాకా ఏ అంకె అయినా ఇవ్వవచ్చు, అంటే 4 కిలోబైట్ల నుంచి 32 మెగాబైట్ల దాకా. ఏమీ ఇవ్వకపోతే 17, అంటే 128 కిలోబైట్లు. రెండు ఘాతాలే ఎందుకంటే, బఫర్ చివరికి చేరి మళ్లీ మొదటికి తిరిగినప్పుడు చోటును కనుక్కోవడానికి భాగహారం అక్కర్లేదు, సంఖ్యలోని కింది బిట్లను మాత్రం ఉంచుకుంటే చాలు. ఇంటరప్ట్ మధ్యలో నడిచే కోడ్‌కు ఆ తేడా లెక్కలోకి వచ్చేదే.

యంత్రంలో ప్రాసెసర్ల సంఖ్య పెరిగితే బూట్ వేళ సందేశాలూ పెరుగుతాయి. అందుకని కెర్నెల్ మొదటి ప్రాసెసర్‌ను వదిలి, మిగతావాటికి తలా 4 కిలోబైట్ల చొప్పున లెక్కగడుతుంది. ఆ మొత్తం అసలు బఫర్‌లో సగాన్ని దాటితేనే పెంచుతుంది. ఎనిమిది కోర్ల యంత్రంలో అది 28 కిలోబైట్లు, సగమైన 64కు చాలా తక్కువ, కాబట్టి మార్పు ఉండదు. 64 ప్రాసెసర్ల సర్వర్‌లో 252 కిలోబైట్లు అవుతుంది. దానికి 128 కలిపితే 380, ఆపైన వచ్చే రెండు ఘాతం 512 కిలోబైట్లు. ఇదంతా వద్దనుకుంటే బూట్ ఆదేశ వరసలో లాగ్ బఫ్ లెన్ పేరుతో నేరుగా పరిమాణం ఇవ్వవచ్చు. అలా ఇస్తే ప్రాసెసర్ల లెక్కను కెర్నెల్ పక్కన పెడుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. బూట్ వరసలో ఎంత పెద్ద సంఖ్య ఇచ్చినా అది వెంటనే అమలులోకి రాదు. కెర్నెల్ మొదలయ్యేది కంపైల్ నాటి బఫర్‌తోనే. మెమరీ పటం సిద్ధమయ్యాక పెద్ద బఫర్‌ను కేటాయించుకుని, అప్పటిదాకా వచ్చిన సందేశాలను అందులోకి నకలు చేస్తుంది. ఆ మార్పు జరిగిన వెంటనే, తొలి బఫర్‌లో ఎన్ని బైట్లు ఖాళీగా మిగిలాయో శాతంతో సహా ఒక సందేశం రాస్తుంది. ఆ శాతం తొంభై దగ్గర ఉంటే చింత లేదు. అయిదుకో రెండుకో పడిపోతే, తొలి సందేశాలు అప్పటికే చెరిగిపోయి ఉండవచ్చు. అప్పుడు బూట్ వరసలోని సంఖ్యను ఎంత పెంచినా లాభం లేదు. కెర్నెల్‌ను మళ్లీ కంపైల్ చేసి షిఫ్ట్ విలువ పెంచడమొక్కటే మార్గం.

ఏది పోవాలి

నిండిన బఫర్‌కు రెండే దారులు: పాతదాన్ని చెరపడం, కొత్తదాన్ని నిరాకరించడం. లినక్స్ మొదటి దారి పట్టింది. యంత్రం కుప్పకూలినప్పుడు చివరి మాటలే కావాలి గనుక అది న్యాయమైన ఎంపికే. కానీ దానికి మూల్యం ఉంది.

ఒక డిస్కు పాడవడం మొదలైందని అనుకుందాం. మొదటి సందేశం ఏ పోర్టులో, ఏ లింకులో, ఎలాంటి లోపం వచ్చిందో చెబుతుంది. ఆ వెంటనే ఫైల్ సిస్టమ్ మొదలుపెడుతుంది: ఈ బ్లాకు రాయలేకపోయాను, ఆ బ్లాకు చదవలేకపోయాను అంటూ సెకనుకు పది వరసలు. ఒక్కో వరస 80 అక్షరాలని, దానికి తోడు 8 బైట్ల గుర్తు ఉంటుందని లెక్కవేస్తే, 128 కిలోబైట్లలో పట్టేవి సుమారు 1490 వరసలు. రెండున్నర నిమిషాల్లో మొదటి సందేశం చెరిగిపోతుంది. నిర్వాహకుడు వచ్చి చూసేసరికి బఫర్ నిండా పర్యవసానాలే, కారణం ఎక్కడా ఉండదు. బఫర్‌ను ఎనిమిది రెట్లు పెంచి ఒక మెగాబైట్ చేస్తే ఆ గడువు ఇరవై నిమిషాలు అవుతుంది. అంతే. రాత్రి రెండింటికి మొదలైన లోపాన్ని పొద్దున తొమ్మిదింటికి చూసేవారికి ఆ ఇరవై నిమిషాలూ, ఈ రెండున్నర నిమిషాలూ ఒకటే. వరద ఆగకపోతే చెరువు గట్టు ఎంత ఎత్తు పెంచినా ఒకటే.

ఫైర్‌వాల్ నియమాలతోనూ ఇదే జరుగుతుంది. ఐపీటేబుల్స్‌లో తిరస్కరించిన ప్రతి ప్యాకెట్‌నూ నమోదు చేయమని ఒక నియమం రాసి, దానికి వేగ పరిమితి పెట్టకపోతే, బయటినుంచి ఎవరో పోర్టులు తడిమి చూసినంత మాత్రాన కెర్నెల్ లాగ్ అంతా వారి ప్యాకెట్ల జాబితా అయిపోతుంది. ఒకే యంత్రంపై నడిచే కంటైనర్లన్నింటికీ కెర్నెల్ ఒక్కటే, దాని లాగ్ బఫర్ కూడా ఒక్కటే అని గుర్తుంచుకుంటే ప్రమాదం ఇంకా స్పష్టమవుతుంది. ఒకరి రొద మరొకరి ఆధారాన్ని చెరిపేస్తుంది.

అందువల్ల పరిమాణం పెంచడం కన్నా రాసేవారిని అదుపులో పెట్టడమే సరైన మందు. కెర్నెల్‌లో ఇందుకు చాలాకాలంగా ఒక ఏర్పాటు ఉంది. వేగ పరిమితి ఉన్న సందేశాలను మామూలుగా అయిదు సెకన్లలో పదింటికి మించి రానివ్వదు. మిగిలినవాటిని ఆపేస్తుంది. ఆపి ఊరుకోదు, గడువు ముగిశాక ఫలానా చోటి నుంచి ఇన్ని పిలుపులను అణిచిపెట్టానని సంఖ్యతో సహా ఒక వరస రాస్తుంది. ఆ ఒక్క వరస చాలా పెద్ద ఉపకారం. పది వరసలు చూసి పదే తప్పులు జరిగాయనుకునే పొరపాటును అది ఆపుతుంది.

యూజర్ స్పేస్ ప్రోగ్రాములు కూడా కేఎంఎస్‌జీ అనే పరికర ఫైలు ద్వారా ఇదే బఫర్‌లో రాయగలవు. 2014లో దీనిపై పెద్ద వివాదమే నడిచింది. బూట్ వరసలో డీబగ్ అన్న మాట ఉంటే అది తనకూ వర్తిస్తుందని సిస్టమ్‌డీ (బూట్ వేళ మిగతా సేవలను మొదలుపెట్టే ప్రోగ్రాము) భావించి, తన సందేశాలతో కెర్నెల్ లాగ్‌ను ముంచెత్తింది. కెర్నెల్ లోపం వెతకడానికి ఆ మాట చేర్చినవారికి యంత్రం బూట్ కావడమే కష్టమైంది. ఆ మాట ఎవరి సొత్తు అన్న వాదన సంగతి ఎలా ఉన్నా, 2016లో కెర్నెల్ ఈ ద్వారానికీ వేగ పరిమితి బిగించింది. ఇప్పుడు దాన్ని పూర్తిగా తెరవవచ్చు, పూర్తిగా మూయవచ్చు, లేదా ఏమీ చేయకుండా పరిమితితో వదిలేయవచ్చు.

వేగం అనే మాట వచ్చింది కాబట్టి కన్సోల్ (సందేశాలు అప్పటికప్పుడు కనిపించే తెర లేదా సీరియల్ పోర్టు) సంగతి కూడా చూడాలి. బఫర్‌లో రాయడం వేగంగానే జరుగుతుంది. దాన్ని సీరియల్ పోర్టు మీదికి పంపడమే నెమ్మది. 115200 బాడ్ వేగంతో సెకనుకు 11520 అక్షరాలు వెళతాయి, కాబట్టి నిండు 128 కిలోబైట్లు బయటికి రావడానికి 11 సెకన్లకు పైగా పడుతుంది. 9600 బాడ్ అయితే రెండు నిమిషాలు దాటుతుంది. ఆలోపు బఫర్ మరో చుట్టు తిరిగిందంటే కన్సోల్ మీద ఒక వరస వస్తుంది, రెండు నక్షత్రాల మధ్య: ఇన్ని ప్రింట్‌కే సందేశాలు జారిపోయాయి అని. సర్వర్ గదిలో ఆ వరసను చూసి విసుక్కునేవారు చాలామంది. అది లేకపోయి ఉంటే తెర మీద కనిపించేదే మొత్తం కథ అనుకునేవారు.

వరస సంఖ్య అనే చిన్న సంస్కరణ

జారిపోయినవెన్నో కెర్నెల్‌కు ఎలా తెలుస్తుంది? 2012 వరకు కచ్చితంగా తెలిసేది కాదు. అప్పటిదాకా బఫర్ అంటే విడదీయని బైట్ల ప్రవాహం. సందేశం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తు లేదు. చుట్టు తిరిగిన బఫర్‌ను చదివితే మొదటి వరస సగం నుంచి మొదలయ్యేది. పోయింది ఒక వరసా, వెయ్యి వరసలా అన్నది ఎవరూ చెప్పలేకపోయేవారు.

2012 జూలైలో వచ్చిన లినక్స్ 3.5తో ఇది మారింది. కే సీవర్స్ రాసిన మార్పుతో ప్రతి సందేశమూ విడి రికార్డు అయింది. కాలం, తీవ్రత, పొడవుతో పాటు ప్రతిదానికీ 64 బిట్ల వరస సంఖ్య వచ్చింది. ఆ సంఖ్య ఒక్కొక్కటిగా పెరుగుతుందే తప్ప వెనక్కు రాదు. రసీదు పుస్తకంలో ముద్రించిన నంబర్లలాగా, మధ్యలో ఒకటి చినిగిపోతే వెంటనే తెలిసిపోతుంది. కేఎంఎస్‌జీ ఫైలును చదువుతున్న ప్రోగ్రాము వెనకబడి, దాని వంతు రికార్డు చెరిగిపోతే, తరువాతి రీడ్‌కు ఈపైప్ అనే లోప సంకేతం అందుతుంది. ఆపైన చదివితే అప్పటికి మిగిలి ఉన్న మొదటి రికార్డు వస్తుంది. వరస సంఖ్యల తేడా చూస్తే పోయినవెన్నో తేలుతుంది. సిస్టమ్‌డీ జర్నల్ సేవ ఈ తేడాను లెక్కించి, ఇన్ని కెర్నెల్ సందేశాలు తప్పిపోయాయని తన లాగ్‌లో రాస్తుంది.

ఈ సంఖ్యల వల్లనే డీమెసేజ్‌తో లాగ్‌ను తుడిచివేయడం కూడా అర్థం మార్చుకుంది. తుడిచినప్పుడు బఫర్‌లో ఏదీ చెరగదు. ఇక్కడి నుంచి చూపితే చాలు అన్న గుర్తు మాత్రం ముందుకు జరుగుతుంది. కేఎంఎస్‌జీ ఫైలును మొదటి నుంచి చదివితే అంతా యథాతథంగా ఉంటుంది. తెలియక తుడిచేశామని కంగారుపడేవారికి ఇది ఊరట. రహస్యం తుడిచేశామని అనుకునేవారికి హెచ్చరిక.

మరి తాళాల సంగతి, అంటే ఒకేసారి ఇద్దరు రాయకుండా ఆపే ఏర్పాటు. రికార్డులుగా మారినా, బఫర్‌లో రాయాలంటే ఒకే ఒక తాళం తీసుకోవలసి వచ్చేది. ఆ తాళం చేతిలో ఉండగా అదే ప్రాసెసర్ మీద మూయడానికి వీల్లేని ఎన్ఎంఐ ఇంటరప్ట్ వచ్చి, అది కూడా సందేశం రాయబోతే యంత్రం అక్కడే బిగుసుకుపోయేది. దీనికి విరుగుడుగా ఒక్కో ప్రాసెసర్‌కు 8 కిలోబైట్ల చొప్పున విడి బఫర్లు పెట్టి, ముందు వాటిలో రాయించి తరువాత అసలు బఫర్‌లోకి చేరవేసేవారు. అవి కూడా నిండేవి. నిండితే ఇన్ని పోయాయన్న వరస అక్కడా వచ్చేది. కానీ అలా ఆలస్యంగా చేరిన సందేశాల మీద రాసిన సమయం కాక చేరిన సమయం పడేది. కుప్పకూలిన యంత్రం చివరి క్షణాల్లో ఏది ముందో ఏది వెనకో తేల్చవలసినవారికి అది పెద్ద చిక్కు.

జాన్ ఓగ్‌నెస్ రూపొందించిన తాళం లేని రింగ్ బఫర్ 2020 డిసెంబరులో, లినక్స్ 5.10తో వచ్చింది. పెట్ర్ మ్లాడెక్ తదితరుల సమీక్షలో ఎన్నో చుట్లు తిరిగాక అది ప్రధాన కెర్నెల్‌లో చేరింది. ఏ సందర్భం నుంచైనా, ఎన్ఎంఐ నుంచైనా, ఎవరి కోసమూ ఆగకుండా అందులో రాయవచ్చు. మరుసటి ఏడాది 5.15లో ప్రాసెసర్ల విడి బఫర్లను తీసేశారు. నిర్ణీత కాలంలో స్పందించవలసిన వ్యవస్థలకు కావలసిన ప్రీఎంప్ట్ ఆర్‌టీ మద్దతు 2024 నవంబరులో 6.12తో ప్రధాన కెర్నెల్‌లో అందుబాటులోకి రావడానికి చివరిదాకా అడ్డుపడిన భాగాల్లో ప్రింట్‌కే ఒకటి. ఒక వరస రాయడం అనే చిన్న పని అంత పెద్ద మార్పును ఏళ్ల తరబడి ఆపగలిగిందంటే, ఆ పని ఎంత కష్టమైన చోట్ల చేయవలసివస్తుందో అర్థమవుతుంది.

మొదట్లో చూసిన కూడికకు జవాబు ఈ కొత్త బఫర్‌లోనే ఉంది. సందేశ పాఠం ఒక వలయంలో, దాని చిట్టా మరోచోట ఉంటాయి. సగటు సందేశం 32 బైట్లు ఉంటుందన్న అంచనాతో చిట్టాలో గళ్లు కేటాయిస్తారు. 131072ను 32తో భాగిస్తే 4096 గళ్లు. ఒక్కో గడిలో పాఠం ఎక్కడుందో, ఏ దశలో ఉందో చెప్పే 24 బైట్లు, సందేశ వివరాలకు 88 బైట్లు. ఆ 88లో వరస సంఖ్య, నానోసెకన్లలో కాలం, పొడవు, తీవ్రత, రాసినవారి గుర్తు పోగా 64 బైట్లు ఏ పరికరానికి సంబంధించిన సందేశమో చెప్పే పేర్లకు. 4096ను 112తో హెచ్చిస్తే 458752.

దీనివల్ల బఫర్‌కు రెండు హద్దులు ఏర్పడ్డాయి. పొడవాటి సందేశాలు వస్తే పాఠం చోటు ముందు అయిపోతుంది. మూడు నాలుగు అక్షరాల ముక్కలు వరసగా వస్తే పాఠం చోటు సగం ఖాళీగా ఉండగానే చిట్టా గళ్లు అయిపోతాయి. అంత చిన్న ముక్క గుర్తుతో కలిపి 16 బైట్లే తీసుకుంటుంది, పాఠం చోటులో అలాంటివి 8192 పడతాయి, కానీ గళ్లు 4096 దగ్గరే ఆగుతాయి. 128 కిలోబైట్లు ఉన్నాయి కదా, ఇంకా నిండకుండానే పాతవి ఎలా పోయాయి అని ఆశ్చర్యపోయేవారు చూడవలసింది ఇక్కడ. మెమరీ చాలా తక్కువున్న పరికరాల్లో షిఫ్ట్‌ను 12కు తగ్గించినా పాఠానికి 4, చిట్టాకు 14 కిలోబైట్లు పడుతుంది. అలాంటి చోట 64 బైట్ల పరికరం పేర్లు భారమే. అన్ని గళ్లకూ ఒకే కొలత ఉండాలన్న నిర్ణయం తాళం లేకుండా రాయడాన్ని సులువు చేసింది గనుక ఆ భారం ఒప్పుకోదగ్గదే.

నోరు మెదపని కత్తిరింపు

ఇంతవరకు చెప్పిన ప్రతిచోటా నష్టం జరిగితే ఒక వరసో, ఒక సంఖ్యో, ఒక లోప సంకేతమో ఉంది. ఒక చోట మాత్రం లేదు. ఒక్క రికార్డులో పట్టే పాఠానికి ఉన్న హద్దు 1024 బైట్లు. పాత కెర్నెళ్లలో ముందుమాటకు కొంత తీసేసి అంతకన్నా తక్కువే ఇచ్చేవారు. కెర్నెల్ లోపలి కోడ్ ఇంతకన్నా పొడవాటి సందేశం పంపితే, పట్టినంత ఉంచి మిగిలింది వదిలేస్తారు. కత్తిరించామన్న గుర్తు ఏదీ ఉండదు. కేఎంఎస్‌జీ ఫైలు ద్వారా బయటినుంచి రాసేవారికి మాత్రం ఇదే హద్దు దాటితే ఈఇన్‌వాల్ లోపం తిరిగివస్తుంది. బయటివారికి చెప్పే నిజం లోపలివారికి చెప్పకపోవడం సరికాదు.

కత్తిరించామని చెప్పే గుర్తు కోడ్‌లో లేకపోలేదు. కానీ అది వచ్చేది సందేశానికి బఫర్‌లో చోటు దొరకనప్పుడు, దాన్ని మొత్తం బఫర్‌లో నాలుగో వంతుకు కుదించేటప్పుడు మాత్రమే. 1024 బైట్ల హద్దు అంతకు ముందే తగిలేస్తుంది కాబట్టి ఆ పరిస్థితి దాదాపుగా రాదు. గుర్తు అవసరమైన చోట లేదు, అవసరం రాని చోట ఉంది. దీనికి బాగా తెలిసిన ఉదాహరణ బూట్ ఆదేశ వరసే. ఎక్స్86 యంత్రాల్లో అది 2048 బైట్ల దాకా ఉండవచ్చు. దాన్ని ఒకే సందేశంగా ముద్రించే కెర్నెళ్లలో డీమెసేజ్ చూసి, తాను ఇచ్చిన ఎంపిక వరసలో లేదని నిర్ధారించుకుంటే మోసపోతారు. ప్రాక్ కింద ఉండే సీఎండీలైన్ ఫైలులో పూర్తి వరస ఉంటుంది, ఆధారపడవలసింది దాని మీదే.

తెలుగులో ఆలోచిస్తే ఈ హద్దుకు ఇంకో కోణం కనిపిస్తుంది. హద్దు బైట్లలో ఉంది, అక్షరాల్లో కాదు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు. తెలుగు అన్న మాటలోనే గుణింతపు గుర్తులతో కలిపి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. పైగా కేఎంఎస్‌జీ ఫైలును చదివేటప్పుడు ఆస్కీలో లేని ప్రతి బైట్‌నూ కెర్నెల్ నాలుగు అక్షరాల పదహారాంశ రూపంలోకి మార్చి ఇస్తుంది. ఆరు సంకేతాల మాట 72 అక్షరాలై వస్తుంది. చదివే ప్రోగ్రాము ఇచ్చిన చోటు చాలకపోతే ముక్క అందదు, లోపం అందుతుంది. 1024 బైట్ల సందేశానికి అంతే చోటు చాలనుకుని ప్రోగ్రాము రాసినవారికి ఇంగ్లీషు సందేశాలతో ఎప్పుడో గాని బయటపడని తప్పు, తెలుగు వరసతో మొదటి రోజే బయటపడుతుంది. కెర్నెల్ తన వంతుగా ఇలాంటి రికార్డుల కోసం ఒకప్పుడు 8192 బైట్ల చోటు వాడుకునేది, 2023 నుంచి అది 2048 బైట్లకు తగ్గింది.

కూలిన తరువాత

ఏడో సంచిక మాన్యువల్ ఒప్పుకున్న రెండో లోపం, కూలే ముందు క్షణం సందేశాలు నిలవకపోవడం, పూర్తిగా తీరింది అనలేం. బీఎస్‌డీ (యునిక్స్ నుంచి వచ్చిన మరో శాఖ) సంప్రదాయంలో బఫర్‌ను మెమరీలో ఒక స్థిరమైన చోట ఉంచి, తలలో ఒక గుర్తు సంఖ్య, ఒక చెక్‌సమ్ (డేటా చెడలేదని సరిచూసుకునే సంఖ్య) పెడతారు. కరెంటు పోకుండా యంత్రం తిరిగి మొదలైతే, గుర్తూ చెక్‌సమ్ సరిపోలాయా అని చూసి, పాత సందేశాలను అలాగే ఉంచుకుని కొనసాగిస్తారు. డబ్బు ఖర్చు లేని, ఎంతో తెలివైన ఏర్పాటు.

లినక్స్‌లో ఆ పని పీస్టోర్‌ది. 2011లో 2.6.39తో వచ్చింది. కెర్నెల్ కూలేటప్పుడు లాగ్ చివరి భాగాన్ని, మరో విలువ ఇవ్వకపోతే సుమారు 10 కిలోబైట్లు, రీబూట్‌ను తట్టుకునే చోట దాచే ప్రయత్నం చేస్తుంది. ఆ చోటు కొన్ని యంత్రాల్లో అట్టే పెట్టిన ర్యామ్, కొన్నింట్లో యూఈఎఫ్ఐ (యంత్రాన్ని బూట్ చేసే ఫర్మ్‌వేర్) తన అమరికలు దాచుకునే వేరియబుళ్లు. యూఈఎఫ్ఐ దారిలో ఒక్కో ముక్క మామూలుగా 1024 బైట్లే. అక్కడి హద్దులను పట్టించుకోకపోతే ఏమవుతుందో 2013లో కొన్ని శాంసంగ్ ల్యాప్‌టాప్‌లు చూపించాయి. వేరియబుళ్ల నిల్వ ఎక్కువగా నిండితే వాటి ఫర్మ్‌వేర్ తిరిగి మొదలుకాలేని స్థితికి చేరేది, కూలిన లాగులు దాచడం ఆ నిల్వను నింపగలిగేది. తప్పు ఫర్మ్‌వేర్‌దే, యంత్రం పోయేది మాత్రం కొన్నవారిది. ఆ తరువాత కెర్నెల్ అక్కడ కనీసం 5 కిలోబైట్లు ఎప్పుడూ ఖాళీగా ఉంచేలా నియమం పెట్టుకుంది.

పీస్టోర్ ముక్కలు చదివేటప్పుడు వాటి వరుస గుర్తుపెట్టుకోవాలి. ఒకటో ముక్కలో ఉండేది చివరి మాటలు, సంఖ్య పెరిగేకొద్దీ వెనకటి కాలం. చోటు ఎప్పుడు అయిపోతుందో తెలియని వేళ ముందు కొత్తదాన్నే కాపాడాలన్నది అక్కడి లెక్క. కాబట్టి పెద్ద సంఖ్య నుంచి చిన్న సంఖ్యకు చదువుకుంటూ రావాలి. పెద్ద సంఖ్య ముక్క మొదటి వరసలో కాలం ఎంతుందో చూసి, అది లోపం మొదలైన వేళ కన్నా తరువాతిదైతే, కారణం ఆ 10 కిలోబైట్లకు అవతలే ఉండిపోయిందని అర్థం. మళ్లీ కూలే లోపు పీస్టోర్‌కు ఇచ్చిన పరిమాణం పెంచుకోవాలి.